పాలగిన్నెలో ఫిడేలువాడు

ఏమండీ,

పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, కాచుకోవడానికి గిన్నె లేదు. పారేశాను. పొద్దున మూత తీస్తే మీ ఇంగ్లీషు పింగాణీ బొమ్మ, ఆ ఫిడేలువాడు, మందునీళ్ళలోంచి నన్ను చూసి ఇకిలిస్తున్నాడు. వాడి పాత మరకలు నానబెట్టడానికి పాలగిన్నే దొరికిందా? పైన ఎవరింటిదో వందేళ్ళ జిడ్డు తెట్టు కట్టింది. ఛీ!

భోజనాల బల్ల మీది వేణువువాణ్ణీ, డోలువాణ్ణీ, తల అతికించిన ఆ పాటగత్తెనీ సాయంత్రానికల్లా తీసేయండి. బల్ల సబ్బుతో కడగండి. అది మనుషులు తినే చోటు. ఇంటినిండా వాయిద్యగాళ్ళే, నా మాట మాత్రం చెవిటివాడి ముందు శంఖం.

వంట చేసి మూతపెట్టాను. నేను డ్యూటీ నుంచి అటే అక్కావాళ్ళింటికి వెళ్తున్నా. కొత్త గిన్నె కొన్నాక ఫోన్ చేయండి, అప్పుడు వస్తా.

అన్నట్టు, నీళ్ళు పారబోస్తుంటే వాడి చిటికెనవేలు ఊడింది. ఇల్లంతా వెతుక్కుంటూ ఏడవకండి. దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టాను. ఆ దూది నా వేలు తెగితే కట్టు కట్టుకోవడానికి తెచ్చుకున్నది. వేలు తెగి వారమైంది. ఏ వేలో చెప్పండి చూద్దాం.