నాలుగో టార్చి

వదినా,

మీరు కులాసాగా ఉన్నారా అని అడగను. లేకపోతే ఈపాటికి నాలుగు పేజీలు తిడుతూ రాసి ఉండేవారు. ఇప్పుడు నాకే మీ సాయం కావాలి. నవ్వనంటే చెబుతాను. కారులో ఉంచుకోవడానికి ఒక టార్చిలైటు ఎంచుకోలేక చస్తున్నాను.

పోయిన ఆదివారం మీ తమ్ముడూ నేనూ జలాశయం వైపు వెళ్ళి వస్తుంటే టైరు పంక్చరైంది. పొద్దు వాలిపోయింది. నా ఫోనులో చార్జింగు లేదు, ఆయన ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన చక్రం విప్పి, స్టెప్నీ ఎక్కించి, నట్లన్నీ చేత్తో తడిమి తడిమి బిగించారు. ఇన్నేళ్ళు డ్రైవింగు నేర్పిన చెయ్యి కదా, దానికే కళ్ళున్నాయి అనుకుని మురిసిపోయాను. తరవాత ఎద్దుబండి తోలినట్టు తోలుకొచ్చారు. స్టెప్నీ మీద వేగం పనికిరాదన్నారు. ఇల్లు చేరాక, "కారులో ఒక మంచి టార్చి పడెయ్యాలి" అన్నారు. ఆ పని నా మెడకు చుట్టుకుంది.

మొదట చార్జింగుది తెచ్చాను. ఆయన సాయంత్రం పెరట్లోకి వెళ్ళి వెనక గోడ మీద వేసి చూసి, "ఇదీ ఒక వెలుగేనా? మిణుగురు నయం" అన్నారు. వెనక్కిచ్చేశాను. బ్యాటరీలది తెచ్చాను. అదీ గుడ్డిదే అన్నారు. పిడి తిప్పితే వెలిగేది ఇంకోటి తెచ్చాను. దాన్ని తిప్పుతుంటే భుజం పడిపోయింది కానీ ఆయనకు గోడ కనబడలేదు. కొట్టు యజమాని నన్ను చూస్తే చాలు, చేతులు జోడిస్తున్నాడు. "మీ ఇంట్లో చీకటి ఏ కంపెనీదమ్మా, ఏ లైటుకీ లొంగట్లేదు?" అన్నాడు నిన్న. కొట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మీకు తెలుసుగా, నేను ఏ వస్తువూ కొన్నాక నిద్రపోను. ఇంకోటి కొనవలసిందేమో అని ఆలోచిస్తాను. మీరు బడిపిల్లల్ని అడవుల్లోకి క్యాంపులకు తిప్పిన మనిషి. ఖరీదు మరీ ఎక్కువ కాకుండా, మొండిగా పనిచేసేది ఏదో ఒకటి చెప్పండి. మీరు చెప్పిందంటే ఆయనా వంక పెట్టరు.

మీ మరదలు


వదినా,

మీరు రాసినట్టే కొన్నాను. లోహపు గొట్టం, ఒకే ఒక్క మీట, ఎక్కడైనా దొరికే మామూలు బ్యాటరీలు. ఎండకు కారు వేడెక్కితే బ్యాటరీలు కారతాయి కాబట్టి వాటిని విడిగా డబ్బాలో పెట్టమన్నారు, అలాగే పెట్టాను. మీట నొక్కి చూస్తే కొట్లో గోడ మీద పాత మేకులు కూడా లెక్కపెట్టొచ్చు. కొట్టాయనకు బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టింది.

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియడం లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా మీకు కాక ఎవరికి చెప్పను?

దీపాలు పెట్టే వేళకు పెరట్లోకి వెళ్ళాం. ఆయన గోడకు ఎదురుగా నిలబడ్డారు. నేను కాస్త పక్కగా, కంచె మీదికి వెలుగు వేశాను. ఆకులు ఒక్కొక్కటీ మెరుస్తున్నాయి. ఆయన కాసేపు చూసి, "ఊఁ, వెయ్యి మరి" అన్నారు.

"వేసే ఉందండీ" అన్నాను.

అది నా నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. ఆయన తల కొంచెం కొంచెంగా తిప్పుతూ వెలుగును వెతుక్కున్నారు. దొరికాక, "ఆఁ, ఇది బాగుంది" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో, వదినా. ఎవరింటికో భోజనానికి వెళ్ళినప్పుడు అన్నట్టు.

నేను తర్కశాస్త్రం పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. మూడు టార్చిలను అనుమానించాను, కొట్టును అనుమానించాను, వాటిని ఎంచిన నన్ను నేను అనుమానించుకున్నాను. ఆయన కళ్ళను అనుమానించాలని మాత్రం తట్టలేదు.

కారు బానెట్ మీద కూర్చుని అంతా చెప్పారు. పోయిన వానాకాలం నుంచి సందె వేళ చూపు ఆనడం లేదట. పక్కల నుంచి మూసుకొస్తోందట, గొట్టంలోంచి చూస్తున్నట్టు. పగలు ఫరవాలేదట. "మరి సాయంత్రం క్లాసులు?" అన్నాను. "నడిపేది వాళ్ళేగా. ఇంజను చప్పుడు వింటే ఏ గేరులో ఉన్నారో తెలుస్తుంది. ఊళ్ళో గుంటలన్నీ నాకు కంఠతా వచ్చు" అన్నారు. అందరూ బ్రేకు మాస్టారు అని పిలిచే మనిషి ఆయన. నేర్చుకునేవాళ్ళు తప్పు చేసే లోపే ఆయన కాలు తన వైపు బ్రేకు మీదికి వెళ్తుందని ఆ పేరు పెట్టారు. కనబడనిదానికి ఆ కాలు ఎలా వెళ్తుందండీ అని అడగలేకపోయాను.

"అక్కకు మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు" అన్నారు. నేను ఒట్టు వెయ్యలేదు, వెయ్యననీ అనలేదు. నా బతుకంతా ఇలాగే గడిచింది.

కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచాను. ఆయన నవ్వి, డ్రైవింగు స్కూల్లో ఇంకో జత ఉందన్నారు. స్కూలు వాళ్ళకు చెబితే, ఆయనకు తెలిసిన ఒకే ఒక్క పని నా చేత్తో నేనే లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే, ఎవరి బిడ్డో చక్రం పట్టుకుని, పక్కన మాస్టారున్నారుగా అని ధైర్యంగా పోతుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రం ఆయన కారు చప్పుడు వీధి మలుపులో వినబడేదాకా గేటు పట్టుకుని నిలబడుతున్నాను. నిలబడటం తప్ప ఏమీ చెయ్యడం లేదు. మీ మాట ఆయన జవదాటరు. ఒక్కసారి వచ్చి చెప్పండి.

మీ మరదలు


మరదలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను రాను.

నేను చెబితే వాడు మానేస్తాడు, నిజమే. చిన్నప్పుడు చెట్టు దిగమంటే దిగినట్టు దిగి, మూల కూర్చుంటాడు. ఆ తరవాత వాడితో ఉండాల్సింది నువ్వు. కానీ అది సాకు. అసలు సంగతి చెప్పేస్తాను. వాడికి సైకిలు నేర్పింది నేను. సీటు పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తాను, వాడికి తెలియకుండా వదిలేశాను. దిగరా అని చెప్పడం నాకు చేతకాదు. ఊళ్ళో ఎంతమందికి ఎన్ని చెప్పాను, ఇది చేతకాదు.

నువ్వు చదువుకున్నదానివి, నీకు చేతనవుతుందని కూడా అనను. గేటు దగ్గర నిలబడు. నేనూ ఇక్కడ నిలబడతాను.

నీ వదిన


వదినా,

మీ ఉత్తరం చూసి మొదట కోపం వచ్చింది. తరవాత, నాకు చేతకానిది మీకూ చేతకాదని తెలిసి, సిగ్గులేకుండా కాస్త ఊరట కలిగింది.

ఎవరం చెప్పనక్కరలేకపోయింది. బేకరీలో పనిచేసే ఒకామె ఆయన దగ్గర నేర్చుకుంటోంది. భయస్థురాలు, బండి ఎప్పుడూ నత్తలా నడుపుతుంది. మొన్న మసక వేళ, సందులోంచి లైటు లేని సైకిలు మీద ఒక ముసలాయన వచ్చాడట. ఆమె బ్రేకు నొక్కింది. బండి ఆగింది. ముసలాయన బూతులు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె ఆయన వైపు తిరిగి, "థాంక్సు మాస్టారూ, మీరు నొక్కబట్టి సరిపోయింది" అందట.

"నేను నొక్కలేదు" అన్నారు ఆయన ఇంటికొచ్చి. బూట్లు కూడా విప్పలేదు. "ఆమె నొక్కింది. నేను నొక్కాననుకుంది. నాకు సైకిలే కనబడలేదు. తిట్లు వినబడ్డాక తెలిసింది."

మర్నాడు ఆయనే వెళ్ళి స్కూలు వాళ్ళకు చెప్పారు. బేకరీ ఆమెకూ చెప్పారు. ఆమె ఏడ్చిందట, ఇంకో మాస్టారి దగ్గరికి మారిపోయిందట. కళ్ళ డాక్టరు ఎంతో ఓపిగ్గా మాట్లాడాడు. మందు లేదని చెప్పడానికి అంత ఓపిక కావాలి కాబోలు. చూపు నెమ్మదిగా పోతుందన్నాడు. ఎంత నెమ్మదిగా అని నేను అడిగాను. మనిషిని బట్టి అన్నాడు. ఇప్పుడు ఆయన పగటిపూట గదిలో కూర్చుని రోడ్డు గుర్తుల పాఠం చెబుతున్నారు. గుర్తులు ఎటూ పోవుగా అంటున్నారు.

నేను బండి నేర్చుకుంటున్నాను. ఇన్నేళ్ళూ నేర్పబోయి ఆయన, నేర్చుకోబోయి నేను, రెండో మలుపు దగ్గరే పోట్లాడుకుని దిగిపోయేవాళ్ళం. ఇప్పుడు పోట్లాడటం లేదు. అదే నాకు భయంగా ఉంది. లైసెన్సున్న పక్కింటి టీచరమ్మ నా పక్కన కూర్చుంటుంది, ఆయన వెనక సీట్లో. నేను ప్రతి మలుపు దగ్గరా తిరగాలా వద్దా అని తటపటాయిస్తాను. వెనక బండ్లు హారన్లు కొడతాయి. "కొట్టుకోనీ, వాళ్ళూ మన శిష్యులే" అంటారు ఆయన.

నిన్న మొదటిసారి సందె వేళ నడిపాను. ఆయన, "ఏముందో చెబుతూ నడుపు" అన్నారు.

"రోడ్డంతా ఖాళీగానే ఉందండీ."

"ఖాళీ అనకు. ఖాళీ రోడ్డంటూ ఉండదు. ఏముందో చెప్పు."

చెప్పాను. ఎడమ పక్క ఆగిన పాల వ్యాను. దాని వెనక ఎవరివో కాళ్ళు. మూసిన షట్టరు, దాని ముందు కుక్క. దీపస్తంభం, వెలగడం లేదు. తరవాతది వెలుగుతోంది. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అద్దంలో చూస్తే ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. వీధి పేరు నేను చెప్పకుండానే ఆయనే చెబుతున్నారు, ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఇంటి ముందు ఆపాను. ఇంజను ఆపాను. టీచరమ్మ దిగి వెళ్ళిపోయింది. ఆయన దిగలేదు.

"తరవాత?" అన్నారు.

"ఇల్లొచ్చేసిందండీ."

"అది తెలుసు. తరవాత ఏముంది?"

ముందు అద్దంలోంచి చూశాను. మా గేటు, దాని అవతల మెట్లు, మెట్ల పైన చీకటి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను, వదినా.

మీ మరదలు