గాలి హెచ్చరికల సర్వర్

మంగళవారం, రాత్రి

మా మత్స్యకారుల సంఘం గాలి హెచ్చరికలు పెట్టే వెబ్ సర్వర్‌లో పెద్ద లోపం ఉందని పొద్దున తెలిసింది. పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా లోపలికొచ్చి హెచ్చరికలు మార్చేయవచ్చు. సరిచేయాలంటే కాసేపు సర్వర్ ఆపాలి. పడవలేమో సముద్రంలో ఉన్నాయి, గాలి పెరుగుతోంది.

సంఘం పెద్ద పోలయ్యన్నకు చెప్పాను. ఆయన కొడుకూ చేపల వేటలోనే ఉన్నాడు.

"ఇప్పుడు ఆపితే వాళ్లకెట్ట తెలస్తాది తల్లీ?"

"ఆపకపోతే, ఎవడన్నా గాలి లేదని రాసినా మనోళ్లు నమ్ముతారు గదన్నా."

 ఆయన వెళ్లి పడవలతో మాట్లాడే వైర్‌లెస్ ముందు కూర్చున్నాడు. "నువ్వు ఆపేయ్. అది లేచేదాకా నేను చెప్తా ఉంటా" అన్నాడు.

ఒక్కో పడవనూ పేరుపెట్టి పిలిచాడు. నేను కొత్త వెర్షన్ ఎక్కించి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, సర్వర్‌ను మళ్లీ నడిపించేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. సాయంత్రానికి పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. కొడుకును చూసి ఆయన ఇసుకలోనే కూలబడ్డాడు.

ఇంటికొచ్చాక సర్వర్‌లోకి ఎవరెవరు వచ్చారో చూశాను. నిన్ననే ఎవరో ఆ లోపం గుండా వచ్చి వెళ్లారు. ఏమీ మార్చలేదు.

రేపు పోలయ్యన్నకు చెప్పాలి. నిన్నంతా మన పడవలు ముక్కూమొహం తెలియని మనిషి దయ మీద తిరిగాయని ఎట్లా చెప్పడం...