అమ్మ ఎముకలు మోయనివాళ్ళు

పైడమ్మ అక్కకు,

అక్కడ మలేషియాలో, సుంగై సుమున్‌లో మనం పనిచేసిన రబ్బరు ఎస్టేటు అమ్మేసినప్పుడు, దాని శ్మశానం చదును చేసే ముందు బంటింగు ఊళ్ళో ఉన్న నాకు కబురు చేస్తాననీ, ఇద్దరం కలిసి అమ్మ ఎముకలు తీసి వేరేచోట పెడదామనీ అన్నయ్య మాట ఇచ్చాడు. చేయలేదు. మరిచిపోయాడనే అందరం అనుకున్నాం. ఇరవై ఏళ్ళు ఆయన గడప తొక్కలేదు నేను. ఇప్పుడు ఆయనకు డయాలసిస్ అనీ, పోయేలోగా వచ్చి ఆయన ఇంట్లో ఒక పూట అన్నం తినమనీ నువ్వు రాశావు. దానికే ఈ జవాబు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నీ కళ్ళకు ఆనాలని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఎవరిచేతా చదివించుకోకు.

ఈ సెవిల్ నగరంలో నేను బాగానే ఉన్నాను. మా అమ్మాయి ఉద్యోగానికి పోతే సాయంత్రం దాకా పలకరించే దిక్కు లేదు. వచ్చాక నేను తెలుగులో అడిగితే అరవంలో జవాబిస్తుంది. స్పెయిన్ ఎండకు చెమట పట్టదు, గొంతు ఎండుతుంది. కొట్లలో పంది తొడలు వేలాడదీస్తారు. టమాటాలు నూరి చల్లగా గిన్నెలో పోసిస్తారు, అదే పులుసు అనుకోవాలి. వీధుల నిండా నారింజ చెట్లు. ఒక కాయ కోసుకు తిన్నాను, చేదు విషం. అలా కోసేది కొత్తవాళ్ళేనని అమ్మాయి నవ్వింది. బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

పోయిన వారం ఇక్కడి పెద్ద చర్చి చూశాను. ఒకప్పుడు అది మసీదు. నమాజుకు పిలిచే బాంగు వినిపించిన గోపురానికే గంటలు కట్టారు. లోపల, సముద్రం దాటి కొత్త దేశాలు పట్టిన నావికుడి శవపేటికను నలుగురు రాజుల విగ్రహాలు భుజాన మోస్తున్నాయి. అతని ఎముకలను ఓడల్లో దీవులకు పంపి, మళ్ళీ తెచ్చుకున్నారు. మా దగ్గరే ఉన్నాయని ఇంకో దేశం ఇప్పటికీ తగాదా పడుతోంది. ఇదంతా ఎప్పుడో చదివిందే, అయినా అక్కడ నిలబడలేకపోయాను. ఊళ్ళు దోచినవాడికి అంత మోత. నలభై ఏళ్ళు రబ్బరు చెట్లు గీసిన అమ్మను ఒక్క మైలు మోసేవాడు లేకపోయాడు. సమాధి తలవైపు మనం నాటిన క్రోటన్ మొక్కతో సహా బుల్డోజరు కింద పోయింది.

ఆ సాయంత్రం నేనే అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎందుకు చెప్పలేదని మొదటిసారి అడిగాను. చాలాసేపు దగ్గాడు.

"నీకు ఫోన్ సేద్దామనే ఎల్లినానురా. బావ ఆపినాడు. ఆడొస్తే చట్టం మాటాడి గొడవెడతాడు, ఎస్టేటోళ్ళు మనకిచ్చే ఇళ్ళు ఆగిపోతాయన్నాడు. ఎముకలేటి, మట్టేటి, అంతా ఒకటే అన్నాడు. పిల్లలున్నోడ్ని, ఊరుకున్నాను."

మరి ఇన్నేళ్ళూ నా తిట్లెందుకు పడ్డావని అడిగాను.

"అక్క ఇంకా బావ ఫొటోకి దండెడతాది కదరా. ఎలాగ సెప్తాను?"

నీకు రాయొద్దని బతిమాలాడు. రాశాను. చేయని తప్పు మెడకు కట్టుకుని ఆయన పోకూడదు.

వస్తాను. అన్నయ్య పక్కన కూర్చుని తింటాను. భయపడి, ఇచ్చిన మాట తప్పి ఊరుకున్నవాణ్ణి క్షమించగలను. నీ కాళ్ళకు దండం పెట్టుకుంటాను, నీ గోడ మీది ఫొటోకు మాత్రం పెట్టమని అడగకు. వదినకు, అక్కడి పెద్దలకు నా నమస్కారాలు చెప్పు. నీ దీవెన కోరే తమ్ముడు సన్యాసి నీకు దాచకుండా చెబుతున్నాడు: అమ్మకు భూమ్మీద చోటు లేకుండా చేసినవాడు నీ పెనిమిటి గురయ్య.