అగైనెస్ట్ అనే ఒక్క మాట

తమ్ముడూ దావీదూ,

మిలిటరీ వాళ్లు నిన్ను కాల్చి నేటికి ఏడాది. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని ఇవాళ మిర్యాలగూడ క్యాంపుకు తర్జుమా చేయడానికి పిలిచారు. ఆఫీసరు త్రిపురారం ముసలామెను చూపించి, "అగైనెస్ట్?" అన్నాడు. సర్కారుకు వ్యతిరేకమా అని.

"కాళ్లు గుంజుతున్నయని దొరింటికి వెట్టికి పోలేదయ్యా, గంతే" అందామె.

మనకు మొరాయించడం వేరు, ఎదురు చెప్పడం వేరు, పగబట్టడం వేరు, తిరగబడడం వేరు. దొర గడీ ముందు చెప్పులు విప్పనన్నావు నువ్వు. అది ధిక్కారమే గాని తుపాకీ పట్టడం కాదు. అన్నిటికీ వాళ్లకు ఆ ఒక్క మాటే. విరోధి కానివాడు మనవాడేనని ప్రభువు చెప్పాడు. బైబిల్లోని ఆ వాక్యమే వినిపించి, "నో సార్" అన్నాను. ఆఫీసరు నవ్వి, ఆమెను లారీ ఎక్కించమన్నాడు.

"ఏమన్నడు బిడ్డా?"

"సర్కారుకు ఎదురు తిరిగినవంటడు, అవ్వా."

"సర్కారును నేనెన్నడు సూసిన, తిరగనీకి?"

రేపటి చర్చి ఆరాధనలో, ఆ 'అగైనెస్ట్' అనే మాట నాకూ వర్తిస్తుందని అందరి ముందూ గొంతెత్తి చెబుతాను. నువ్వుంటే, "జర మెల్లగ అన్నా, బయట ఇంటున్నరు" అనేవాడివి. ఇగ నన్ను ఆపేవాళ్లు లేరు.