మైనం అంటిన నీలం గుడ్డ

తమ్ముడికి అక్క దీవెనలు. నేను క్షేమం. నా మోకాళ్లు క్షేమం కావు, అవి ఎప్పుడు క్షేమంగా ఉన్నాయి గనుక! నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. లేకపోయినా నువ్వు నోరు విప్పి చెప్పే రకం కాదు కదా.

వెళ్లిపోయిన రెండు నెలలకి ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశావు, అందులో ముప్పాతిక పిట్టల గురించే. అవి తాగే తొట్టిలో నీళ్లు రోజూ పొద్దున్నే గడ్డకడుతున్నాయి. నువ్వు వదిలేసి పోయిన చిన్న సుత్తితో పగలగొట్టి గోరువెచ్చటి నీళ్లు పోస్తున్నాను. తోటలో క్యాబేజీలన్నీ కుందేళ్ల పాలయ్యాయి. కంచె కింద నుంచి దూరుతున్నాయి. ఆ కంచె ఎవరు కట్టారో గుర్తుందా? నా వేళ్లు పగిలాయా అని మరదలు అడిగిందట. పగిలాయి. ఉలి పట్టుకుంటే నెత్తురొస్తోంది.

ఇన్ని అడిగినవాడివి రాయి గురించి ఒక్క మాట అడగలేదేం? చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఏడాది పాటు ఇద్దరం చెక్కిన బొమ్మ అది. గ్రంథాలయం ముంగిట కూర్చుని చదువుకోవాల్సిన ముసలమ్మ. ఆవిడ ఒడిలో రాతిపుస్తకం బిగించడానికి నువ్వు బొటనవేలంత కన్నం వేశావు. మొదటి మంచు పడిన రాత్రి తెల్లారి చూస్తే, ఆ కన్నం దగ్గర మొదలై భుజం దాకా నిలువునా చీలి ఉంది. కన్నంలో నీళ్లు నిలిచి, గడ్డకట్టి, ఉబ్బి రాయిని చీల్చేశాయి. గ్రంథాలయం సెక్రటరీ ఎదుటే నిన్ను కడిగేశాను.

"కన్నం మూయాలన్న ఇంగితం కూడా లేదురా నీకు?"

"మూశానక్కా. గుడ్డ కుక్కి పైన మైనం పెట్టాను."

"మరి ఏదిరా ఆ గుడ్డ? రాయి మింగిందా?"

నువ్వు మారు మాట్లాడలేదు. మధ్యాహ్నానికల్లా ఉలుల సంచి సర్దుకుని, రాతిపలకలు కోసే ఫ్యాక్టరీలో మిషన్ ముందు నిలబడటానికి పోయావు. ఇంత చేతిపని వచ్చినవాడివి!

మొన్న తోటలో షెడ్డు కప్పు కారుతోందని నిచ్చెన వేసుకుని ఎక్కాను. దూలం మూలన ఉడుత గూడు. ఎండుటాకులూ పీచూ, మధ్యలో పరుపులా నీలం గుడ్డ. లాగాను. నీ పాత చొక్కా చెయ్యి, గుండీతో సహా! దాని కొసకి మైనం అంటుకుని ఉంది, బొటనవేలంత లావున, గుండ్రంగా. ఆ దొంగపీనుగ ఉడుత దూలం మీద అటూ ఇటూ పరుగెడుతూ నన్నే తిడుతోంది.

నేనూ తిట్టాను దాన్ని. ఆ తర్వాత నిన్ను తిట్టాను. "వెతుకుదాం రా అక్కా" అని నా చెయ్యి పట్టుకు లాగకూడదట్రా? తప్పు చెయ్యనివాడివి నోరు మూసుకుని ఎందుకు పోయావు?

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఇప్పటికి రెండు కాగితాలు చింపాను. ఇదీ చింపేలోపు రాసేస్తాను.

బొమ్మ చీలడానికి ముందు రోజు సాయంత్రం నువ్వు పని ముగించి ఇంటికెళ్లాక నేను రాయి దగ్గరికి వెళ్లాను. కన్నంలో గుడ్డ లేదు. షెడ్డు చూరు నుంచి కారిన నీళ్లు నిండుగా ఉన్నాయి. నా కళ్లారా చూశాను. తుడిచి ఇంకో గుడ్డ కుక్కడం నిమిషం పని. కానీ ఆ మధ్యాహ్నమే మనం పోట్లాడుకున్నాం. పుస్తకం అంచులు పల్చగా ఉండాలని నువ్వు, మందంగా ఉండాలని నేను. నీ మాటే నెగ్గింది, నాకు కడుపు రగిలిపోయింది. 'వాడి కన్నం వాడే చూసుకుంటాడు, పొద్దున నాలుగు చివాట్లు పెడదాం' అనుకుని తోట గేటు వేసి వచ్చేశాను. అంత మంచు పడుతుందనుకోలేదు. తెల్లారి సెక్రటరీ ముందు అంత గొంతు చేసుకున్నది, ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతోరా.

నువ్వు ముట్టుకోకూడదన్న షరతు మీద సెక్రటరీ కొత్త రాయి ఇస్తానన్నాడు. నేను సిగ్గులేకుండా ఒప్పుకున్నాను కూడా. నిన్న వెళ్లి ఆ గుడ్డ ఆయన బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను.

"అయితే ఆ పని అసలు మీకివ్వాలా వద్దా అని ఆలోచించాలమ్మా" అన్నాడు.

"ఆలోచించుకోండి. తప్పు మాత్రం నా పేర రాసుకోండి" అన్నాను.

ఇస్తే కన్నం నువ్వే వెయ్యాలి. ఇవ్వకపోయినా పుస్తకం మిగిలింది, చెక్కుచెదరలేదు. పల్చటి అంచులే బాగున్నాయి. ఈ మాట ఎదురుగా అడిగితే అనను.

గుండీ కోసి ఈ కవర్లో పెడుతున్నాను. గుడ్డ తిరిగి గూట్లోనే పెట్టేశాను, ఆ ఉడుత చలికి వణుకుతోంది.

వచ్చి తిట్టు. ఆ సెక్రటరీ ఎదుటే తిట్టు. ఈసారి నేను మారు మాట్లాడను.

ఇట్లు,
నీళ్లు చూసి కూడా గేటు వేసి వచ్చేసిన
నీ అక్క