సర్వే నెంబరు 214లో బూజు క్షేమము

బూదిదొడ్డి గ్రామం, కర్నూలు జిల్లా
తేది: 9-6-2025

తహసీల్దారు గారి సముఖమునకు, బూదిదొడ్డి రైతు కంబన్న వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా రెండెకరాల చౌడు చేనులో తమరు నాటించిన బోర్డు తొలగించి, జిప్సం చల్లుకొనుటకు అనుమతి ఇప్పించుట గురించి.

1. సదరు చేను నా తండ్రి కాలం నుండి చౌడు. ఎండాకాలం వస్తే సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. నాలుగేండ్ల క్రిందట పంట రుణం అడిగితే, ఇందులో ఏ జీవమూ బతకదని తమ కార్యాలయమే రాసి ఇచ్చింది. ఆ కాగితం చూసి బ్యాంకువారు నన్ను వెనక్కి పంపినారు. తమ మాట మీద నాకు అప్పటి నుండి అపారమైన నమ్మకం.

2. ఈ ఏడు వ్యవసాయ సహాయకుడు జయరాజ్ సారు మట్టి పరీక్ష చేయించి, రాయితీ మీద నలభై బస్తాల జిప్సం తెప్పించినాడు. ముంగారు తొలివానకు ముందే చల్లి, వాననీళ్లు నిలగట్టి వదిలితే ఉప్పు కొట్టుకుపోతుందని, పచ్చిరొట్టకు జీలుగ వేసి దున్నితే చేను దారికొస్తుందని చెప్పినాడు.

3. ఇంతకు ముందే కడప నుండి తనూజ అనే పరిశోధకురాలు వచ్చి సీసాడు మట్టి తీసుకుపోయింది. మార్చిలో మళ్లీ వచ్చి, "మీ మట్టిలో ఒక బూజు దొరికింది పెద్దాయనా. సోడాకు, ఉప్పుకు, ఎండకు, దేనికీ చావదు. దాని ఎంజైమును సబ్బుపొడిలో కలిపితే నెత్తురు మరకలు చల్లనీళ్లలోనే పోతాయి. తోళ్లకు వెంట్రుకలు ఊడదీయడానికీ పనికొస్తుంది" అని చెప్పింది. ఎంజైమంటే ఏమని అడిగితిని. తిండి అరిగించుకోవడానికి బూజు వదిలే రసమంది.

"అరిగించుకునేకి దానికి ఆడ తిండి యాడుండాది తల్లీ?" అని నా భార్య హంపమ్మ అడిగింది. ఎండిన గడ్డి వేళ్లు చాలంట. మా కంటె సర్దుకుపోయే గుణం గలది.

4. వారం తిరగకముందే వీఆర్వో శేషన్న వచ్చి బోర్డు నాటినాడు. "అరుదైన సూక్ష్మజీవి నివాసము. జిప్సం వగైరా చల్లరాదు." చల్లితే బూజుకు ప్రాణహాని అంట. ఇదేందప్పా అంటే, "నాకేం తెలుసు కంబన్నా, పైనుంచి చెప్పినారు, నాటిపోతాండా" అన్నాడు. వెంట ఒక నోటీసు కూడా ఇచ్చినాడు. నన్ను సదరు బూజుకు సంరక్షకునిగా నియమించినారట, నెలనెలా దాని క్షేమసమాచారం రాతపూర్వకంగా పంపవలెనట. ఆలస్యమైనా మొదటి నివేదిక ఇందుమూలముగా పంపుకొంటున్నాను: బూజు క్షేమం. కంటికి కనిపించదు గాని, ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

5. తనూజమ్మకు ఫోన్ చేసితిని. "మీ చేనుతో మాకేం పని పెద్దాయనా? ఆ సీసా మట్టిలోంచి తీసిన బూజునే ల్యాబులో తొట్లకొద్దీ పెంచుకుంటున్నాం. మీరు నిశ్చింతగా జిప్సం చల్లుకోండి" అంది. అదే మాట రాసి సంతకం పెట్టి పంపింది, జతపరచితిని. కనిపెట్టినవారికి సీసాడు చాలింది, తమకు రెండెకరాలు కావలసి వచ్చినది.

6. దీని మీద ఇది నా ఆరవ అర్జీ. మిగతా ఐదూ తమ ఇనుప బీరువాలో భద్రంగా ఉన్నవని గుమాస్తా చెప్పినాడు. గాలి, వెలుతురు, మనిషి చెయ్యి ఏదీ తగలని ఆ చోట నా అర్జీల మీద మొలిచిన బూజును కూడా తనూజమ్మకు చూపించవలెను. అక్కడ బతికినదంటే అది సామాన్యమైనది కాదు.

7. ఇక అసలు సంగతి. ఏటా చలికాలం నేనూ హంపమ్మా సుగ్గికని గుంటూరు దిక్కు వలసపోయి మిరపకాయలు తెంపుతాము. మా పాప భువనను బడి మాన్పించి వెంట తీసుకుపోతాము. ఈ ఏడు పాప పదో తరగతి. "ఈసారి నేను రాను నాయనా, పరీక్షలు రాస్తా" అంటాంది. ఒంటరిగా వదిలిపోవడానికి ఇంట్లో పెద్దదిక్కు లేదు. ఈ ముంగారుకు జిప్సం పడితే వెనక జొన్న వేసుకొని ఊర్లోనే ఉంటాము, లేకుంటే మళ్లీ బండెక్కాలి. చదువుకునే బిడ్డను మిరప చేలో నిలబెట్టాలంటే నాకు సిగ్గుగా ఉంది అయ్యా, ఏడుపొస్తాంది.

8. మబ్బులు పట్టినవి. బస్తాలు గడ్డకడుతున్నవి.

కావున తమరు ఈ ఒక్క కాగితమునైనా బీరువాకు పంపక చిత్తగించి, బోర్డు పీకించవలెనని ప్రార్థన.

బూజు తరువాతి స్థానమున,
తమ విధేయుడు,
కంబన్న

తా.క.: రాసిన మరునాడే మబ్బు దిగింది. "సారువాళ్లు సదివేదాకా వాన ఆగుతుందా?" అని హంపమ్మ గంప ఎత్తుకొని చేన్లోకి దిగింది. నేనూ దిగినాను. నలభై బస్తాలూ చల్లినాము. మధ్యాహ్నానికి వాన పడింది. చల్లకముందే పైమట్టి ఒక గంపెడు తీసి, ఈ అర్జీతో పాటు తమ వాకిట్లో పెట్టినాను. తమ బూజు అందులో ఉండాది. నీళ్లు పోయనక్కరలేదు, ఏమీ పెట్టకపోయినా బతుకుతుంది. కేసు పెట్టేదుంటే నా ఒక్కని పేరున పెట్టండి. పాప పరీక్షలకు హంపమ్మ ఇంట్లో ఉండాల.