చంక దగ్గర అరంగుళం

నల్లగొండ జిల్లా మోత్కూర్ వాస్తవ్యుడను, కీర్తిశేషులు బాబా మియా కుమారుడను, నలభై ఒక్క ఏళ్ల టైలర్ నూరుద్దీన్ అను నేను, వచ్చే సోమవారం హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్‌కు పోతున్నందున, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామాను నా చేత్తోనే రాస్తున్నాను. బుద్ధి సరిగానే ఉందని డాక్టరు చెప్పాడు. గుణం సంగతి ఆయన పరీక్షించలేదు.

1. ఇల్లు, జాగా షరీయత్ ప్రకారం వారసులకు చెందుతాయి. వాటిలో నేను వేలు పెట్టను. కింద రాసిన వస్తువులన్నీ కలిపినా, నేను ఇష్టమైనవాళ్లకు రాసివ్వదగిన మూడో వంతుకు ఆమడ దూరంలోనే ఆగుతాయి.

2. కుట్టుమిషను నా భార్య సకీనాకు. మిగతా వారసులు ఒప్పుకున్నారు. ప్రతి పండుగకూ ఊరందరి బట్టలు కుట్టి, ఆమె జాకెట్టు మాత్రం పండుగ మర్నాడు ఇచ్చినవాణ్ణి. నీలం గుడ్డ ఒకటి దాచాను. అది ఆదివారంలోగా కుట్టి చేతికిస్తాను కాబట్టి ఈ కాగితంలోకి రాదు.

3. మా బావమరిది మెహమూద్ 1986లో దుబాయి నుంచి తెచ్చిన వీడియో క్యాసెట్టు కట్టంగూర్ మంజులతకు. అమెరికాలో నల్లవాళ్ల పేటల్లో పుట్టిన హిప్ హాప్, దాని పాట, గోడల మీది బొమ్మలు, బ్రేక్ డాన్సు మన జిల్లా ఊళ్లకు ఎట్లా చేరాయన్నది ఆమె పీహెచ్‌డీ. ఇదీ ఒక చదువేనా అని యూనివర్సిటీలో పెద్దలు ఎగతాళి చేసినా వదలలేదు. 1994లో టేప్ రికార్డర్ పట్టుకొని నా దుకాణానికి వచ్చి, "అన్నా, మోత్కూర్ల మొదలు బ్రేక్ ఆడింది ఎవరు? గా ఒరిగి లేచే అడుగు ఏడ నేర్సుకున్నరు?" అని అడిగింది. నేనే ఆడానన్నాను. క్యాసెట్ చూసి నేర్చుకున్నానన్నాను. రెండూ అబద్ధాలే. 1997లో అవి ఆమె పుస్తకం నూట పన్నెండో పేజీలో నా ఫోటోతో సహా యూనివర్సిటీ లైబ్రరీకి ఎక్కాయి.

4. నిజం ఇది. ఆ క్యాసెట్టును మల్లప్ప వీడియో సెంటర్‌లో నేనూ, నా దోస్తు యాదగిరీ కలిసి చూశాం. నేను నోరు తెరుచుకొని చూస్తుంటే అతను తొడ చరిచి, "అరె, గిది మన పీర్ల పండుగల అలావ కాడి ఆటే గదరా! జర కిందికి ఒంగుతున్నరు, గంతే!" అన్నాడు. అతని నాయిన మారయ్య ఏటా పీరు ఎత్తుకునేవాడు. అలావ నిప్పుల గుండం చుట్టూ ఆడే అడుగు కొడుక్కి చిన్నప్పుడే పట్టుబడింది. మరుసటి అంగడి రోజు బుచ్చయ్య బట్టల దుకాణం ముందు అట్టపెట్టె విప్పి పరిచి, యాదగిరి ఆడాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనొకణ్ణి. ఆ తర్వాత నేను ఆడిందంతా అతని కాళ్లు చూసి నేర్చిందే. పీర్ల చావిడి మా ఇంటి పక్కనే ఉంది. నాకు కనబడనిది అతనికి ఎట్లా కనబడిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

5. నల్ల సాటిన్ కోటు యాదగిరికి. ఆ ఏడే ఇద్దరికీ ఒకే గుడ్డలో కుట్టాను. అతని కోటు చంక దగ్గర అరంగుళం బిగించి కుట్టాను, కావాలనే, ఒంటి చేతి మీద నిలబడకుండా. నిలబడ్డాడు. కుట్టు పర్రుమని పిగిలింది. జనం అది కూడా ఆటలో భాగమే అనుకొని ఇంకా ఈలలేశారు. బాగు చేయమని ఇచ్చిన కోటును పదమూడేళ్లు నా దగ్గరే పెట్టుకున్నాను. నిన్న ఆ అరంగుళం వదిలి మళ్లీ కుట్టాను.

6. ఈ వీలునామా అమలు చేయవలసిన మెహమూద్, దీని నకలు మంజులతకు అందజేసి, నూట పన్నెండో పేజీలో యాదగిరి పేరు, అలావ సంగతి చేర్పించాలి. ఆ పుస్తకం వచ్చినప్పుడు అందులో తన పేరు లేకున్నా, "మా నూరుద్దీన్ బుక్కుల వడ్డడు" అని బజారంతా మిఠాయి పంచినవాడు యాదగిరి. సోమవారం ఆపరేషన్‌కు రక్తం ఇచ్చేదీ అతనే. నాకు సరిపోయింది అతనిదేనట. అందులోనూ అతనే ముందు. బతికుండగానే చెప్పవచ్చు కదా అని సకీనా అడిగింది. చెబితే, "పోనీ తియ్‌రా, ఎవని పేరైతేంది" అని నవ్వుతాడు. అతను అనగలడు, నేను అనలేను. ఆ నవ్వు చూడటం కన్నా ఆపరేషన్ నయం.

7. పైవన్నీ నేను చనిపోయాకే చెల్లుతాయి. ఆరో షరతు మాత్రం నేను బతికినా చెల్లుతుంది. నన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయిన వెంటనే నకలు పోస్టు చేయాలి. బతికి బయటికొస్తే ఈ కాగితం చించేస్తానని నాకు తెలుసు.

మోత్కూర్, 1999 ఫిబ్రవరి 12, శుక్రవారం.

(సంతకం)
నూరుద్దీన్, టైలర్
మోత్కూర్ బ్రేక్ డాన్సులో రెండోవాడు

సాక్షులు: బుచ్చయ్య (బట్టల దుకాణం), మల్లప్ప (వీడియో సెంటర్). ఆ అంగడి రోజు యాదగిరి ఆట ఇద్దరూ చూశారు.